విశాఖలో పిల్లలకు ఫోస్టర్ హోమ్ తెరవాలంటే: నిధుల సేకరణ, అనుమతి, దరఖాస్తు విధానం

ఇల్లు అద్దెకు మాట్లాడేశారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చందాలు మొదలయ్యాయి. ఎవరో ఇద్దరు పిల్లల్ని తెచ్చి వదిలి వెళ్లారు కూడా. అప్పుడు, "పర్మిషన్ ఎలా తీసుకోవాలండీ?" అని అడుగుతూ నా దగ్గరికి వస్తారు. మంచి మనసుతో దిగినవాళ్లే ఎక్కువగా ఇలా ఇరుక్కుంటారు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం నమోదు లేకుండా పిల్లల సంరక్షణ సంస్థ నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే ముందు సంస్థ, తర్వాత డబ్బు, ఆ తర్వాత అనుమతి, అన్నిటికన్నా చివర పిల్లలు. ఈ వరస తప్పకండి.

ఏ రకం ఇల్లు?

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది బాలల గృహం. ఇది పిల్లల సంరక్షణ సంస్థ కాబట్టి ఆ చట్టంలోని సెక్షన్ 41 కింద రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. రెండోది గ్రూప్ ఫోస్టర్ కేర్. ఇందులో ఒక ఇంట్లో ఎనిమిది మందికి మించకుండా పిల్లలు కుటుంబంలా పెరుగుతారు, చూసుకునేవారి సొంత పిల్లలున్నా ఆ ఎనిమిదిలోనే లెక్క. దీన్ని నడిపే సంస్థను బాలల సంక్షేమ కమిటీ, అంటే సంరక్షణ అవసరమైన పిల్లల గురించి నిర్ణయం తీసుకునే జిల్లా కమిటీ, సెక్షన్ 51 కింద తగిన సదుపాయంగా (ఫిట్ ఫెసిలిటీ) గుర్తించాలి. కాలనీవాళ్లు కలిసి చేయాలనుకుంటే నా ఓటు రెండోదానికే. యాభై మందికి వండిపెట్టడం వేరు, ఎనిమిది మందిలో ఎవరికి పాలు పడవో గుర్తుపెట్టుకోవడం వేరు.

మీ ప్రతిపాదనను రెండు పేజీల్లో రాసుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి, అందరూ డీసీపీయూ అనేది దాన్నే. మీకు ఏ దారి వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఇల్లు ఏ జిల్లాలో ఉందో కూడా ముందే చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పరవాడ, సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. గాజువాక, పెందుర్తి, భీమిలి విశాఖలోనే ఉన్నాయి. అద్దె తక్కువని సబ్బవరంలో ఇల్లు చూసుకుని విశాఖ కలెక్టరేట్‌లో కాగితాలు ఇస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

చందాకు ముందు కావాల్సినవి

వ్యక్తిగత ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా వేయించుకోకండి. కనీసం ఏడుగురు సభ్యులతో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సొసైటీ పెట్టండి, లేదా ట్రస్టు డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. సంస్థ పేరుమీద పాన్, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలే బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఐడీ తీసుకోండి. ఆదాయపు పన్ను కోసం 12ఏ, 80జీ అని అందరూ పిలిచే రిజిస్ట్రేషన్లు కూడా కావాలి: మొదటిది సంస్థ ఆదాయానికి, రెండోది దాత ఇచ్చిన చందాకు పన్ను మినహాయింపు కోసం. కార్యక్రమాలు మొదలుకాకముందే వీటిని తాత్కాలికంగా ఇస్తారు.

80జీ గురించి దాతకు నిజం చెప్పండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపు రాదు. నగదుగా రెండు వేలు దాటి ఇచ్చినదానికీ రాదు. "మొత్తం ట్యాక్స్‌లో పోతుంది సార్" అని నోటిమాటగా చెప్పి, మార్చిలో తలదించుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

రిఫైనరీ, పోర్టు ఉన్న ఊరు కదా, సీఎస్సార్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే డబ్బు, వచ్చేస్తాయని చాలామంది లెక్కేసుకుంటారు. కంపెనీలు బయటి సంస్థకు సీఎస్సార్ డబ్బు ఇవ్వాలంటే ఆ సంస్థకు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి, సీఎస్సార్-1 అనే ఫారంతో చేసుకునే నమోదు ఉండాలి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్‌కూ మామూలుగా మూడేళ్ల ఉనికి, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. అమెరికాలో ఉన్న మేనల్లుడి సంగతి వేరు. ఆయనది ఇంకా భారతీయ పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అవుతుంది, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే. పాస్‌పోర్టు కాపీ అడిగి ఫైల్లో పెట్టుకోండి, మొహమాటపడొద్దు.

అంటే మొదటి మూడేళ్లు మీ ఊరివాళ్లే మోయాలి. ఉదాహరణకు ఎనిమిది మంది పిల్లల ఇంటికి అద్దె, తిండి, ఆయా జీతం, మందులు, ఆటో అన్నీ కలిపి నెలకు 80 వేలు అనుకుందాం. నెలనెలా 500 ఇచ్చేవాళ్లు 160 మంది ఉంటే ఇల్లు నడుస్తుంది. ఒకేసారి లక్ష ఇచ్చి ఫొటో దిగి వెళ్లే దాతకన్నా ఆ 160 మంది నాకు ముఖ్యం. ఆరు నెలల ఖర్చు, అంటే 4 లక్షల 80 వేలు, బ్యాంకులో పడేదాకా గృహప్రవేశం తేదీ పెట్టకండి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల పథకం కింద ఫోస్టర్ కేర్‌కు పిల్లకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది, కానీ అది మంజూరు కావాలి. దాన్ని మొదటి నెల బడ్జెట్‌లో రాయకండి.

కరపత్రంలో పిల్లల ముఖం వద్దు

ఒకసారి ఒక బృందం తమ కరపత్రం నా ముందు పెట్టింది. ఎనిమిదేళ్ల పాప, రెండు జడలు, కళ్లమీద నల్ల పట్టీ. "పేరు రాయలేదు కదండీ" అన్నారు. పాప యూనిఫాం జేబుమీద బడి బ్యాడ్జి మాత్రం చక్కగా చదవడానికి వస్తోంది. ఆ వీధిలో ఎవరికైనా ఆ పాప ఎవరో తెలిసిపోతుంది. రేపు బడిలో తోటిపిల్లలు "నీకోసం చందాలు అడుగుతున్నారంట" అంటే ఆ పిల్ల ఏం చెప్పాలి? సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని సెక్షన్ 74 చెబుతోంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్ కూడా ఇందులోకి వస్తుంది. పిల్లల చేతికి డబ్బా ఇచ్చి ఆర్కే బీచ్‌లో నిలబెట్టే ఆలోచన అసలే వద్దు, అది భిక్షాటన చేయించడం కిందికి రావచ్చు.

కరపత్రంలో లెక్కలు వేయండి. పడుకునే గదిలో ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది: పిల్లల సంస్థలకు నియమాలు పెట్టిన లెక్క ఇది. "రెండో మరుగుదొడ్డి కట్టడానికి ఇంత అవుతుంది, ఇంత వచ్చింది, ఇంకా ఇంత కావాలి" అని రాస్తే జనం ఇస్తారు.

దరఖాస్తు

సెక్షన్ 41 దారి అయితే ఫారం 27 నింపాలి. దానికి నియమావళి, పాలకవర్గం జాబితా, గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఇంతవరకు చేసిన సేవ వివరాలు, మీమీద శిక్షలు గానీ బ్లాక్‌లిస్టు గానీ లేవన్న ప్రకటన జతచేయాలి. సంస్థ కొత్తదైతే బ్యాలెన్స్ షీట్ల విషయం డీసీపీయూలో ముందే మాట్లాడుకోండి. అద్దె ఒప్పందం, ఇంటి ప్లాను, అగ్నిమాపక భద్రత కాగితాలు, పనిచేసేవాళ్ల పోలీసు వెరిఫికేషన్ కూడా సిద్ధంగా పెట్టుకోండి. కలెక్టర్ సిఫారసు చూశాక ప్రభుత్వం సంస్థ సామర్థ్యం నిర్ణయిస్తుంది.

ఇచ్చిన రోజే తేదీ ముద్రతో రసీదు తీసుకోండి, ఇది మర్చిపోవద్దు. దరఖాస్తు అందిన నెలలోపు తాత్కాలిక నమోదు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రసీదే గరిష్ఠంగా ఆరు నెలలు తాత్కాలిక నమోదుగా చెల్లుతుంది. పూర్తి నమోదు ఐదేళ్లకు, తర్వాత రెన్యువల్.

గ్రూప్ ఫోస్టర్ కేర్ దారిలో దరఖాస్తు బాలల సంక్షేమ కమిటీకి వెళ్తుంది. ఇల్లు చూడటానికి వస్తారు. ఆ రోజు వంటగదిలో ఉండే మనిషిని, రాత్రి పడుకునే మనిషిని తప్పకుండా కూర్చోబెట్టండి. వాళ్లను అడిగే ప్రశ్నలకు మీ సంస్థ ఛైర్మన్ గారు జవాబు చెప్పలేరు.

అనుమతి వచ్చాక

అనుమతి ఉన్నా ఏ బిడ్డనూ మీ అంతట మీరు చేర్చుకోకూడదు. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉండాలి. రైల్వే స్టేషన్‌లోనో ఫిషింగ్ హార్బర్ దగ్గరో ఒంటరిగా బిడ్డ కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు కమిటీ ముందుకు చేర్చాలి.

పుట్టినరోజు కేకు పిల్లల మధ్య కోస్తామని దాతలు అడుగుతారు. కేకు గుమ్మం దగ్గర తీసుకుని, రసీదు రాసిచ్చి, ఆ నెల ఖర్చుల కాగితం చేతిలో పెట్టి పంపండి.