డివైస్ డెమన్లను సూపర్‌వైజర్ కిందికి మార్చే ముందు

లినక్స్‌లో డెమన్లను (వెనకాల నడిచే ప్రోగ్రాములను) లేపి, ఆగిపోతే మళ్లీ లేపే రన్‌ఇట్ లాంటి సూపర్‌వైజర్‌కి మారుతున్నారా? రీబూట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి.

- పాత ఇనిట్‌తో (బూట్‌లో మొదట లేచి మిగతావాటిని లేపే ప్రోగ్రాం) బూట్ అయ్యే మెనూ ఎంట్రీని తీసేయకండి. హార్డ్‌వేర్‌ని గుర్తించి సిద్ధం చేసే యూడెవ్ లేవకపోతే నెట్‌వర్క్ కార్డు కూడా రాకపోవచ్చు. దూరంలో ఉన్న మెషీన్ అయితే ఆ కార్డు లేకపోయినా లాగిన్ అయ్యే కన్సోల్ దారి ఉందో లేదో ముందే పరీక్షించండి.

- డెమన్ ఫోర్‌గ్రౌండ్‌లోనే నడవాలి. యూడెవ్‌డీకి (యూడెవ్ డెమన్‌కి) డెమన్ ఆప్షన్ ఇస్తే అది ఫోర్క్ అయి (తన కాపీని పుట్టించి, అసలుది ముగిసి) వెనక్కి వెళ్తుంది. సూపర్‌వైజర్ అది చచ్చిపోయిందనుకుని మళ్లీ మళ్లీ లేపుతూనే ఉంటుంది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే.

- రన్ స్క్రిప్ట్ (సూపర్‌వైజర్ డెమన్‌ని లేపడానికి నడిపే ఫైల్) చివరి లైన్‌లో ఎగ్జెక్ ఉండాలి; అది షెల్ స్థానంలోకి డెమన్‌నే తెస్తుంది. లేకపోతే ఆపమన్న సిగ్నల్ షెల్‌కి తగులుతుంది, డెమన్ అలాగే మిగిలిపోతుంది.

- యూడెవ్ ట్రిగ్గర్ (డివైస్ ఈవెంట్లను మళ్లీ పంపించడం), సెటిల్ (అవి పూర్తయ్యేదాకా ఆగడం) లాంటి ఒక్కసారి పనులు రన్ స్క్రిప్ట్‌లో వద్దు. డెమన్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ డివైస్ ఈవెంట్లన్నీ మళ్లీ మొదలవుతాయి.

- రన్‌ఇట్ సర్వీసులను వరుసగా కాదు, దాదాపు ఒకేసారి లేపుతుంది. సర్వీసుకి కావాల్సిన డివైస్ నోడ్ (/dev కింద ఆ డివైస్‌కి ఉండే ఫైల్) ఇంకా లేకపోతే స్క్రిప్ట్ ఎర్రర్ కోడ్‌తో బయటికి రావాలి. సూపర్‌వైజరే మళ్లీ ప్రయత్నిస్తుంది. స్లీప్ పెట్టి అదృష్టం మీద వదిలేయడం నాకు నచ్చదు.

- పాత స్టార్టప్ స్క్రిప్ట్‌లో అదే డెమన్ ఉంటే తీసేయండి. రెండు కాపీలు ఒకే సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) కోసం కొట్టుకుంటాయి.