డెవలపర్ కమ్యూనిటీలో చేరడం సులువే, ఉండిపోవడం ఎలా?

ఆన్‌లైన్ డెవలపర్ కమ్యూనిటీలో ఎందుకు చేరాలి అని విశాఖలో మధురవాడ చుట్టుపక్కల కాలేజీల నుంచి వచ్చే ఫ్రెషర్లు నన్ను తరచుగా అడుగుతుంటారు. చేరడానికి కారణం ఒకరు చెప్పనక్కర్లేదు. రాత్రి పదకొండింటికి ఎర్రర్ వస్తుంది, అడుగుదామంటే ఆఫీసులో ఎవరూ ఉండరు. ఆ ఎర్రర్‌ని గూగుల్‌లో పేస్ట్ చేస్తే ఎవరో ఎప్పుడో రాసిన జవాబు దొరుకుతుంది, అక్కడే అకౌంట్ తెరుస్తారు. దాదాపు అందరమూ అలా వచ్చినవాళ్లమే. పని అయిపోగానే చాలామంది అలాగే వెళ్లిపోతారు కూడా. కొందరు మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతారు. మీరు ఆ కొందరిలో ఒకరు కావాలంటే మొదటి కొన్ని నెలలు ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను రుషికొండ ఐటీ హిల్స్‌లో ఒక చిన్న కంపెనీలో బ్యాకెండ్ రాస్తాను. మా టీమ్‌లో పైథాన్ లోతుగా తెలిసినవాళ్లం ఇద్దరమే. బెంగళూరులో అయితే పక్క బిల్డింగ్‌లో ఉన్న ఫ్రెండ్‌ని అడగొచ్చు. మన ఊరూ పెరుగుతోంది. 2023లో ఇన్ఫోసిస్ సెంటర్ తెరిచింది, 2025 అక్టోబర్‌లో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. సంతోషమే. కానీ మనం రోజూ వాడే లైబ్రరీ (ఎవరో రాసి అందరికీ ఇచ్చిన కోడ్) రాసినవాళ్లు సిరిపురం జంక్షన్‌లో మనకు ఎదురుపడరు. వాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, వాళ్లతో నేరుగా మాట్లాడే దారి కమ్యూనిటీ ఒక్కటే. అందుకే విశాఖ లాంటి ఊళ్లో పనిచేసేవాళ్లకి ఇది ఎక్కువ అవసరం అని నా నమ్మకం.

ఉండిపోయేవాళ్లు ఎందుకు ఉండిపోతారు?

దీని మీద మంచి పరిశోధన ఉంది. అపాచీ వెబ్ సర్వర్ వాడేవాళ్లకి ఉచితంగా జవాబులు చెప్పేవాళ్లని కరీం లఖానీ, ఎరిక్ వాన్ హిప్పెల్ అధ్యయనం చేసి 2003లో ప్రచురించారు. అసలు జవాబు టైప్ చేయడానికి వాళ్లు వెచ్చించే సమయం చాలా తక్కువ. వాళ్ల శ్రమలో దాదాపు 98 శాతం ఇతరుల ప్రశ్నలు, జవాబులు చదవడానికే పోతుంది, ఆ చదివినదంతా వాళ్లకే చదువుగా మారుతుంది. లఖానీ తర్వాత రాబర్ట్ వుల్ఫ్‌తో కలిసి 684 మంది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) డెవలపర్లని ‘మీరెందుకు చేస్తున్నారు’ అని అడిగాడు. డబ్బు కోసం, ఉద్యోగం కోసం అన్నవాళ్లూ ఉన్నారు. కానీ అన్నిటికన్నా బలంగా తేలిన కారణం, ఆ పని చేస్తున్నప్పుడు కొత్తగా ఏదో సృష్టిస్తున్నామన్న అనుభూతి.

నేను కళ్లారా చూసిందీ ఇదే. సాయం పొందడానికి వచ్చినవాళ్లు సాయం దొరకగానే వెళ్లిపోతారు. వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇంకొకరికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఉండిపోతారు. కాబట్టి కమ్యూనిటీని ఎంచుకునేటప్పుడు గొప్పవాళ్లు ఎంతమంది ఉన్నారని చూడకండి, మీరు త్వరగా జవాబు చెప్పగలిగే చోటు ఏదో చూసుకోండి.

ఎక్కడ చేరాలి

మీ చేతులు రోజూ వాడే దాని దగ్గరే చేరండి. ఆఫీసులో జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే సాధనం) రాస్తూ, ట్రెండ్ అని రస్ట్ అనే ఇంకో భాష గ్రూపులో చేరితే అక్కడ మీరు ప్రేక్షకులే. పది డిస్కార్డ్ సర్వర్లలో చేరి అన్నిటినీ మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్లు ఏ ఒక్కచోటా ఎవరికీ తెలియరు. ఒకటి చాలు, మహా అయితే రెండు.

చేరే ముందు ఒక సాయంత్రం కూర్చుని, ఈమధ్య కొత్తవాళ్లు అడిగిన ప్రశ్నలు మాత్రం వెతికి చదవండి. తెలివితక్కువగా కనిపించే ప్రశ్నకి అక్కడ ఏ గొంతుతో జవాబిచ్చారో చూడండి. రేపు మీకూ అదే గొంతు వినిపిస్తుంది. ప్రవర్తనా నియమావళి ఉందా, దాన్ని ఎవరైనా అమలు చేస్తున్నారా అన్నది కూడా అక్కడే తెలిసిపోతుంది.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా మనసు నొచ్చుకునేది అక్కడే. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్స్కీ దాన్ని మొదలుపెట్టింది కబుర్ల కోసం కాదు. ఒక ప్రశ్నకి ఒక మంచి జవాబు అందరికీ శాశ్వతంగా దొరకాలని. అందుకే ఇంతకుముందు ఎవరో అడిగిన ప్రశ్నే అయితే మూసేస్తారు. మిమ్మల్ని అవమానించాలని కాదు, జవాబు ఉన్నచోటికి దారి చూపిస్తున్నారు. అక్కడ కొన్ని పనులు చేయడానికి ముందు పాయింట్లు సంపాదించాలి. కొత్తగా వచ్చినవాళ్లు పాత జవాబుల్లో కోడ్ ఫార్మాటింగ్, పనిచేయని లింకులు సరిచేసి ఎడిట్ సూచించొచ్చు. ఆమోదం దొరికిన ప్రతిదానికీ 2 పాయింట్లు. నెమ్మదైన దారే, కానీ అక్కడి అలవాట్లు అబ్బడానికి ఇంతకన్నా మంచిది లేదు.

ప్రశ్న రాయడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నిలబడటం, తప్పుకోవడం చాలాసార్లు మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి ఐస్ సప్లై చేసే ఒక వ్యాపారికి మా జూనియర్ ఒకతను బిల్లింగ్ యాప్ రాస్తున్నాడు. “అక్కా, డేట్ ఒకరోజు వెనక్కి పోతోందక్కా, కోడంతా కరెక్టే” అంటూ వచ్చాడు. అప్పటికే ఒక గ్రూపులో అడిగాడట, ఎవరూ పలకలేదట. చూపించమన్నాను. “డేట్ తప్పు వస్తోంది. అర్జెంట్. ప్లీజ్ హెల్ప్” అని ఉంది, కింద మానిటర్‌ని ఫోన్‌తో తీసిన ఫోటో. దానికి జవాబు చెప్పాలంటే అవతలివాళ్లు ముందు ఆ ఫోటోలోని కోడ్ టైప్ చేసుకోవాలి, తర్వాత ఏం తప్పో ఊహించాలి. అంత తీరిక ఎవరికుంటుంది?

పక్కన కూర్చుని మళ్లీ రాయించాను. “బ్రౌజర్‌లో మార్చి 15 ఎంచుకుంటే సర్వర్‌కి మార్చి 14 వెళ్తోంది. 15 వెళ్లాలి. నా కంప్యూటర్ భారత కాలమానంలో ఉంది. డేట్ ఆబ్జెక్ట్‌ని టు ఐఎస్ఓ స్ట్రింగ్‌తో మార్చి, అందులో మొదటి 10 క్యారెక్టర్లు తీసుకుంటున్నాను. కన్సోల్‌లో 14వ తేదీ 18:30 అని కనిపిస్తోంది. సమస్య కనిపించేంత చిన్న కోడ్ కింద ఇచ్చాను.”

18:30 అని తన చేత్తో టైప్ చేశాక ఆగాడు. అర్ధరాత్రి నుంచి అయిదున్నర గంటలు వెనక్కి వెళ్తే ముందురోజు సాయంత్రం ఆరున్నర. మనకి 15వ తేదీ మొదలయ్యే వేళకి యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకి ఆధారంగా తీసుకునే సమయం, మనం దానికన్నా అయిదున్నర గంటలు ముందు) ఇంకా 14వ తేదీయే. ఆ ఫంక్షన్ ఇచ్చేది యూటీసీ టైమే కాబట్టి తేదీ వెనక్కి జారింది. కారణం తెలిసిపోయినా పోస్ట్ చేయమన్నాను. సమయంతో పనిలేని తేదీని డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చకుండా, ఎంచుకున్నది ఎంచుకున్నట్టు టెక్స్ట్‌గానే పంపమని ఒకరు రాశారు. అది చేసి, పనిచేసిందని కింద రాసి పెట్టాడు. ఆ చివరి పని మర్చిపోకండి. సమస్య తీరాక మాయమైపోయేవాళ్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

కొన్నాళ్లకి అదే గ్రూపులో నేపాల్ నుంచి ఒకరు ఇదే తంటా అడిగారు. “మీకు 18:15 అని చూపిస్తోందా?” అని మావాడు రాశాడు. నేపాల్ సమయం యూటీసీ కన్నా 5:45 ముందు. అవతలి వ్యక్తి ఆశ్చర్యపోయాడు. ఆ రోజు నుంచి మావాడు ఆ గ్రూపు వదల్లేదు.

ఇంగ్లీష్ గురించి

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు జవాబు తెలిసి కూడా ఇంగ్లీష్ భయంతో నోరు విప్పరు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆ గ్రూపుల్లో చాలామందికి ఇంగ్లీష్ సొంత భాష కాదు. చిన్న వాక్యాలు రాయండి. ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఈ మూడూ ఉండి, పక్కన నడిచే కోడ్ ఉంటే గ్రామర్ ఎవరూ పట్టించుకోరు. సర్, మేడమ్ అక్కర్లేదు, పేరు పెట్టి రాస్తే అక్కడ అగౌరవం కాదు.

తెలుగు రావడం అక్కడ పెద్ద బలం కూడా. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ ఒక ప్రత్యేకమైన రూపంలో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయ్యేవి, యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. అలాంటివి తెలుగు చదవడం రానివాళ్లకి ఎలా తెలుస్తాయి? జ్యోత్స్న అనే పేరు మన కంటికి రెండక్షరాలు, కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూనికోడ్‌లో 9 కోడ్ పాయింట్లు (విడివిడి గుర్తులు). పేరు ఫీల్డుకి పరిమితి పెట్టిన ప్రోగ్రామ్ దాన్ని ఒత్తు మధ్యలో తెగ్గొట్టొచ్చు. ‘ఫోన్‌లో’ అని నకారపొల్లుతో రాసిన మాట ‘ఫోన్లో’ అని వెతికితే దొరక్కపోవచ్చు, ఎందుకంటే మొదటిదాంట్లో కంటికి కనబడని ఒక క్యారెక్టర్ ఉంది. మీరు వాడే ఎడిటర్‌లోనో లైబ్రరీలోనో ఇవి పరీక్షించి, తప్పుంటే స్క్రీన్‌షాట్‌తో, ఏ వెర్షనో చెప్తూ బగ్ రిపోర్ట్ పెట్టండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నీ అక్షరాలు పేర్చడానికి వాడే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్‌దే. కోడింగ్ ఇంకా సరిగ్గా రానివాళ్లు ట్రాన్స్‌లేట్‌వికీలో మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) సందేశాలు తెలుగు చేయొచ్చు. తెలుగు వికీపీడియా చదివేవాళ్లు ఆ మాటలు రోజూ చూస్తారు.

అమ్మాయిలకి

సొంత పేరు, ఫోటో పెట్టాలా అని చాలామంది అడుగుతారు. పెట్టితీరాలని లేదు. ఒకే హ్యాండిల్ నిలకడగా వాడితే చాలు, పేరు దానికే వస్తుంది. పైలేడీస్ లాంటి మహిళల గ్రూపుల్లో మొదటి అడుగు వేయడం తేలిక. ఎవరైనా పర్సనల్ మెసేజ్‌లతో విసిగిస్తే జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ మోడరేటర్‌కి పంపండి. వాళ్లు చర్య తీసుకోకపోతే ఆ కమ్యూనిటీ మీకు తగినది కాదు, నిస్సంకోచంగా వదిలేయండి.

నెలలు గడిచాక

ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపమని ఏటా అక్టోబర్‌లో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు (నా మార్పు మీ కోడ్‌లో కలుపుకోండని పంపేవి) పెడితే టీ-షర్ట్ అన్నారు. దానికోసం రీడ్‌మీ ఫైళ్లలో అర్థంలేని మాటలు చేర్చిన రిక్వెస్టులు వరదలా వచ్చిపడ్డాయి, ప్రాజెక్టులని చూసుకునే మెయింటెయినర్లు విసిగిపోయారు. చివరికి ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. రెజ్యూమె కోసం వస్తే తప్పు లేదు, కానీ మీ మార్పు అవతలివాళ్లకి పని తగ్గిస్తోందా, పెంచుతోందా అని పంపే ముందు చూసుకోండి. ఏఐ రాసిచ్చిన జవాబులకీ ఇదే వర్తిస్తుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబర్‌లోనే వాటిని నిషేధించింది. మీరు స్వయంగా నడిపి చూడనిది పోస్ట్ చేయకండి. మీ ప్రశ్నలు ఏఐని అడుక్కోండి, ఫర్వాలేదు. అయితే మొన్న వచ్చిన వెర్షన్‌లో నిన్న బయటపడ్డ తప్పు గురించి ముందుగా తెలిసేది దాంతో పనిచేస్తున్న మనుషులకే.

మెయింటెయినర్లని తొందరపెట్టకండి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లని కుదించే సాధనం) వ్యవహారం గుర్తుందా? ఏళ్లుగా దాదాపు ఒంటరిగా ఆ ప్రాజెక్టుని మోస్తున్న మనిషి మీద ‘ఇంత ఆలస్యమేంటి’ అని ఒత్తిడి పెంచారు, సాయం చేస్తున్నట్టు నటించిన ఒకడు పెత్తనం చేజిక్కించుకుని దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను నెమ్మదించిందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఆరా తీయబట్టి అది దొరికింది. పుల్ రిక్వెస్ట్ పెట్టాక కనీసం రెండు వారాలు ఆగి, మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి. ఆ మధ్యలో ఇంకొకరి రిక్వెస్ట్ చదివి, మీ మెషీన్‌లో నడిపి, ఏమైందో రాయండి. పరిచయాలు ఎక్కువగా ఏర్పడేది ఈ పనిలోనే.

వారానికి ఇంత సమయం అని పెట్టుకోండి. నాకు ఆదివారం పొద్దున్న వీలు. రిలీజ్ ఉన్న వారం మానేస్తాను, ఎవరూ ఏమనుకోరు.

పెళ్లి, పిల్లలు, ఉద్యోగం మారడం, ఏదో ఒక కారణంతో కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. అప్పుడు మీ పేరు మీద ఉన్న ఇష్యూలన్నీ (చేస్తానని తీసుకున్న పనులు) తెరిచి, ఇక మీరు చేయలేరని ఒక్కోదాని కింద రాయండి, అసైన్‌మెంట్ తీసేయండి. సగం రాసిన కోడ్ బ్రాంచ్ ఉంటే అలాగే అందరికీ కనిపించేలా పుష్ చేసి, ఎంతవరకు వచ్చింది, ఏ టెస్ట్ ఫెయిల్ అవుతోంది అన్నది రెండు లైన్లలో చెప్పండి. దాన్ని పట్టుకుని పూర్తిచేసేవాళ్లు ఎవరో ఒకరు వస్తారు.