దాణాలో విషం, పాలలో లెక్క – 3వ పాఠం: గేదె తిన్నదెంత, మనం తాగేదెంత?

పోయిన రెండు పాఠాల్లో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం అంటే ఏమిటో, అది కాలేయాన్ని ఎలా దెబ్బతీస్తుందో చూశాం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోతే, ఆరా తీయగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది, గుర్తుంది కదా. ఈసారి అదే చెక్కను మన పశువుల కొట్టంలో పెట్టి లెక్క వేద్దాం. కాగితం, పెన్ను తెచ్చుకోండి, ఇది చదివితే వచ్చే పాఠం కాదు, చేస్తేనే వస్తుంది.

బూజు పట్టిన చెక్కలో ఉండే బీ1 రకం అఫ్లటాక్సిన్ పశువు కాలేయంలో ఎం1 అనే మరో రకంగా మారి పాలలోకి దిగుతుంది. తిన్నదంతా దిగదు. మామూలుగా నూటికి ఒకటి రెండు వంతులు, బాగా పాలిచ్చే ఆవుల్లో ఆరు వంతుల దాకా. మనం ప్రస్తుతానికి రెండు వేసుకుందాం.

ఒక గేదె రోజుకు 10 లీటర్ల పాలిస్తుంది, 2 కిలోల వేరుశనగ చెక్క తింటుంది అనుకోండి. ఆ చెక్కలో కిలోకు 200 మైక్రోగ్రాముల బీ1 ఉంది (దాణా వాళ్లు దీన్నే 200 పీపీబీ అంటారు). రోజుకు గేదె కడుపులోకి వెళ్లేది 400 మైక్రోగ్రాములు. అందులో రెండు శాతం అంటే 8 మైక్రోగ్రాములు పాలలోకి వస్తాయి. 10 లీటర్లకు పంచితే లీటరుకు 0.8. మన దేశంలో పాలకు పెట్టిన పరిమితి కిలోకు 0.5 (పాల విషయంలో లీటరు, కిలో దాదాపు ఒకటే, టెన్షన్ పడొద్దు). అంటే ఈ పాలు దాటేశాయి. యూరప్‌లో అయితే పరిమితి 0.05 మాత్రమే.

ఇప్పుడు చెక్కను 2 కిలోల నుంచి 1 కిలోకు తగ్గించి, తగ్గిన మేరకు మంచి దాణా వేసి మళ్లీ లెక్కకట్టండి. 0.4 వస్తుంది. ఈ పాఠమంతటికీ నాకు ముఖ్యమైన చోటు ఇదే, ఎందుకంటే ఒకసారి పాలలోకి దిగాక ఈ విషాన్ని మనం పెద్దగా ఏమీ చేయలేం, కాచినా పోదు, పాశ్చరైజ్ చేసినా పోదు, పైగా పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది కాబట్టి పనీర్‌లో ఇంకా చిక్కబడుతుంది. దాణా మారిస్తే మాత్రం మూడు నాలుగు రోజుల్లోనే పాలలో బాగా తగ్గిపోతుంది. కాబట్టి కట్టడి చేయాల్సింది బస్తా దగ్గర, పాలక్యాను దగ్గర కాదు.

పాలంటే మనందరికీ భయం యూరియా, డిటర్జెంట్ల గురించే. 2018లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. అలాంటి ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 నమూనాల్లో. ఎం1 పరిమితి దాటింది 368 నమూనాల్లో. ఈ రెండు అంకెలనూ కాసేపు పక్కపక్కన పెట్టి చూడండి.

సరే, ఆ 200 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పరీక్ష నుంచి. పరీక్ష ఎంత ఖరీదైనదైనా నమూనా తప్పుగా తీస్తే ఆ అంకెకు విలువ లేదు. మొదట్లో నేనూ బస్తా పైనుంచి గుప్పెడు తీసి పంపేవాణ్ణి, రిపోర్టు శుభ్రంగా వచ్చేది, నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. బూజు బస్తా అంతటా సమానంగా ఉండదు, నేలకు ఆనిన అడుగున, చెమ్మ తగిలిన మూలన గూడు కడుతుంది. అనంతపురం వైపు పంట చివర్లో వాన ముఖం చాటేసినప్పుడు పగిలిన కాయలు కొన్నే ఉంటాయి, కానీ విషమంతా ఆ కొన్నిటిలోనే ఉండొచ్చు. అందుకని ధాన్యం కొనేవాళ్లు బస్తాలో గుచ్చే ఇనప గొట్టం ఉంటుంది చూడండి, దాంతో వీలైనన్ని బస్తాల్లో పైన, మధ్యన, అడుగున తీయండి. అంతా కలిపి పిండి చేసి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పక్కన పడేసి, మిగిలింది మళ్లీ కలపండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే. మెత్తగా పిండి చేయకుండా కలిపితే లాభం లేదు.

ఇక తాగేవాళ్ల లెక్క. పాలలో సరిగ్గా పరిమితి అంతే, 0.5 ఉందనుకుందాం. 60 కిలోల పెద్దమనిషి 200 మిల్లీలీటర్లు తాగితే 0.1 మైక్రోగ్రాము, బరువుతో భాగిస్తే కిలోకు సుమారు 0.0017. 10 కిలోల పాప అర లీటరు తాగితే 0.25, కిలోకు 0.025. అవే పాలు, పాపకు పదిహేను రెట్లు. పరిమితి లోపలే ఉంది కదా అని వదిలేయకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. క్యాన్సర్ తెచ్చే ఇలాంటి పదార్థానికి 'ఇంతవరకు ఫర్వాలేదు' అనే గీత ఉండదు, ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి. ఆ ముప్పును అంకెల్లో ఎలా చెప్తారో 4వ పాఠంలో చూద్దాం.

ఈలోగా ఈ లెక్క చేయండి. ఒక ఆవు 8 లీటర్లిస్తుంది. రోజుకు 5 కిలోల మిశ్రమ దాణా (20 పీపీబీ), 1 కిలో పత్తి చెక్క (150 పీపీబీ) తింటుంది. ముందు రెండు శాతంతో, తర్వాత ఆరు శాతంతో పాలలో ఎం1 ఎంతో కట్టండి. ఆ రెండు దాణాల్లో మొదట దేన్ని మారుస్తారో, ఎందుకో పక్కనే ఒక వాక్యం రాసుకోండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను.