ఆపరేషన్‌కి సెలవు పెట్టే ముందు జాగ్రత్తలు

- తేదీ ఖాయమైన రోజే మేనేజర్‌కి చెప్పి, అదే విషయం మెయిల్‌లో కూడా పెట్టండి, నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.
- ఎన్ని రోజులు కావాలో మీరే లెక్కేసుకోకుండా డాక్టర్‌నే అడగండి. కుట్లు విప్పడం వేరు, కుర్చీలో 8 గంటలు కూర్చోగలగడం వేరు, ఇక బరువులెత్తే పనైతే ఇంకా ఎక్కువ రోజులే పడుతుంది. ఆపరేషన్ వాయిదా పడితే సెలవు తేదీలు మార్చుకోవచ్చా అన్నది కూడా ముందే కనుక్కోండి.
- డాక్టర్ ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్‌లో పేరు, తేదీలు, సంతకం, ముద్ర ఆస్పత్రిలోనే సరిచూసుకోండి. నాకు ఒక్క తేదీ తప్పు పడింది, కట్టుతోనే మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కాను.
- జబ్బు సంగతి ఆఫీసులో అందరికీ చెప్పక్కర్లేదు.
- ఇన్సూరెన్స్ ఉంటే ఆపరేషన్ ఖర్చుకి ఆ కంపెనీ నుంచి ముందస్తు అనుమతి తీసుకోండి.
- మీ పని ఎవరు చూస్తారో రాసిపెట్టి, ఫోన్ పక్కన పెట్టేయండి.