మినీ పెడల్ సైకిల్ సతాయిస్తోందా? ముందు అది ఏ వైపు తిరిగి ఉందో చూడండి

కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కే చిన్న పెడల్ మిషన్‌లో చెడిపోయేంత సరంజామా ఏమీ ఉండదు. నాలుగు స్టీలు గొట్టాలు, మధ్యలో ఒక ఇరుసు, పెడళ్లని ఇరుసుకి కలిపే రెండు కడ్డీలు (క్రాంకులు), రెండు పెడళ్లు, బిగువు పెంచే నాబ్, దాని పక్కన చిన్న మీటరు. అంతే. అయినా కొన్న మూడో నెలకే అటకెక్కేస్తుంది. అలా ఎక్కినవాటిలో చాలావాటికి రిపేరే అక్కర్లేదు. కుర్చీ మారిస్తేనో, మిషన్‌ని ఇటుది అటు తిప్పితేనో పోయే జబ్బులే ఎక్కువ. కాబట్టి పానా చేతిలోకి తీసుకునే ముందు ఒకసారి కుర్చీలో కూర్చుని, కిందికి వంగి మిషన్‌ని చూడండి. ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు. నేరుగా నూనె డబ్బా కోసం వెళ్తారు.

ఇక్కడ చెప్పేది నాబ్ తిప్పితే రాపిడి పెరిగే మామూలు మడత రకం గురించి. అయస్కాంతం రకం, కరెంటు రకం సంగతి చివర్లో.

తొక్కుతుంటే మిషన్ ముందుకు జారిపోతోంది

తప్పు మిషన్‌ది కాదు, కుర్చీది. సోఫాలోనో దివాన్ మీదో కూర్చుని, మిషన్‌ని దూరంగా పెట్టి తొక్కితే పాదం కిందికి నొక్కదు, ముందుకు తోస్తుంది. నున్నటి టైల్స్ మీద మూడు నాలుగు కిలోల బరువున్న మిషన్ ఆ తోపుకి ఆగదు.

దూరం ఇలా సరిచూసుకోండి. వీపు కుర్చీకి ఆనించి కూర్చుని, ఒక పెడల్‌ని మీకు వీలైనంత దూరంగా ఉండేలా తిప్పి, దాని మీద మడమ పెట్టండి. కాలు దాదాపు తిన్నగా చాచినట్టు రావాలి. ఇప్పుడు మడమ తీసి, వేళ్ల వెనక ఉండే కండ భాగం పెడల్ మీద పెడితే మోకాలు కాస్త వంగుతుంది. అదే సరైన దూరం. అందుకోవడానికి నడుము ముందుకు జరపాల్సి వస్తే మిషన్ దూరంగా ఉన్నట్టు. మోకాలు పొట్టకేసి వస్తుంటే మరీ దగ్గరగా ఉన్నట్టు, లేదా సీటు మరీ పల్లంగా ఉన్నట్టు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఎత్తు చాలామందికి సరిపోతుంది.

దూరం సరిపోయాక కూడా జారుతుంటే కింద రబ్బరు మ్యాట్ వేయాలి. ఇక్కడా ఒక కిటుకుంది. మిషన్ కిందికి మాత్రమే మ్యాట్ వేస్తే మ్యాటే జారుతుంది. కుర్చీ ముందు కాళ్లు కూడా అదే మ్యాట్ మీద ఉండేలా పొడవాటిది వేయండి, అప్పుడు మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. మ్యాట్ లేకపోతే మిషన్ వెనక గొట్టాన్ని కుర్చీ ముందు కాళ్లకి నైలాన్ పట్టీతో కట్టండి. మీరు మిషన్‌ని ముందుకు తోస్తే కుర్చీ వెనక్కి పోవాలని చూస్తుంది, రెంటినీ కలిపి కట్టేస్తే ఏదీ ఎక్కడికీ పోదు. చక్రాల ఆఫీసు కుర్చీ ఉంటే ఈ పట్టీ తప్పనిసరి, అసలు ఆ కుర్చీ వాడకపోతే మరీ మంచిది.

గొట్టాల చివరి రబ్బరు తొడుగులని కూడా చూడండి. తడిగుడ్డ పెట్టిన నేల మీది మట్టి వాటికి పొరలా అంటుకుంటుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే పట్టు తిరిగొస్తుంది. అరిగి గొట్టం బయటపడితే గొట్టం బయటి మందం కొలుచుకుని హార్డ్‌వేర్ షాపులో కుర్చీ కాళ్లకి వేసే రబ్బరు బుష్‌లు తెచ్చుకోండి. నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మారిస్తే మిషన్ కుంటుతుంది.

చుట్టుకొకసారి "టక్" మంటోంది, పెడల్ ఊగుతోంది, బిగించినా మళ్లీ వదులవుతోంది

మిగతావన్నీ చదవకపోయినా ఇది చదవండి. మిషన్లని నిజంగా పాడుచేసేది ఇదే.

వరస ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మొదట చుట్టుకొకసారి చిన్న టక్. మధ్య ఇరుసులోంచి వస్తోందనుకుని అక్కడ నూనె పోస్తారు, దాంతో నాబ్ పనితీరు కూడా చెడుతుంది (అది కింద చెప్తాను). తర్వాత ఒక పెడల్ కొంచెం వాలినట్టు కనిపిస్తుంది. పానాతో బిగిస్తారు. వారం బాగుంటుంది. మళ్లీ టక్. ఈసారి బలమంతా పెట్టి బిగిస్తారు. కొన్నాళ్లకి పెడల్ ఊడి చేతికొస్తుంది, క్రాంక్ రంధ్రంలో మర (బిగింపు గీతలు) అరిగి నున్నగా కనిపిస్తుంది. "చైనా సరుకు" అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. చాలాసార్లు సరుకు తప్పు కాదు. మిషన్ వెనక్కి తిరిగి ఉంది, అంతే.

ఎలాగో చూడండి. మామూలు సైకిల్లో లాగే ఇందులోనూ కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది ఎదురు మర, అంటే వ్యతిరేక దిశలో తిప్పితే బిగిసేది. తొక్కేటప్పుడు పాదం బరువు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది, క్రాంక్ మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. అందుకని పెడల్ ఇరుసు మీద ఒత్తిడి పడే చోటు రంధ్రం చుట్టూ జరుగుతూ పోతుంది. మరలో వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, ఆ జరుగుడుకి ఇరుసు కూడా కొద్దికొద్దిగా తిరుగుతుంది. ముందుకు తొక్కితే ఆ తిరుగుడు రెండు పెడళ్లనూ బిగించే వైపు ఉండేలా మరలు చేశారు. వెనక్కి తొక్కితే రెండూ వదులయ్యే వైపు తిరుగుతాయి.

సైకిల్‌కి హ్యాండిల్ ఉంటుంది కాబట్టి ముందేదో వెనకేదో అందరికీ తెలుసు. ఈ మిషన్ రెండు వైపుల నుంచీ దాదాపు ఒకేలా ఉంటుంది. ఇల్లు తుడిచేటప్పుడు పక్కకి జరిపి, మళ్లీ పెట్టేటప్పుడు తిరగేసి పెడతారు. ఎడమ పెడల్ కుడికాలి కిందికి వస్తుంది. మీరు చక్కగా ముందుకే తొక్కుతుంటారు, మిషన్ లెక్కలో మాత్రం అది వెనక్కి తొక్కుడు. ఒక వారం సరిగ్గా పెట్టి ఇంకో వారం తిరగేసి పెట్టే ఇళ్లలో జబ్బు వచ్చిపోతూ ఉంటుంది. అందుకే ఎవరికీ అంతుపట్టదు.

పరీక్ష అర నిమిషం పని. పెడల్ ఇరుసు కొన మీదో, క్రాంక్ లోపలి వైపో ఎల్, ఆర్ అక్షరాలు కొట్టి ఉంటాయి. కూర్చున్నప్పుడు ఎల్ ఉన్నది మీ ఎడమకాలి కింద ఉండాలి. నాబ్‌ని చూసి ముందు వెనక నిర్ణయించొద్దు, అది ఒక్కో మోడల్‌లో ఒక్కో చోట ఉంటుంది. మీటరు ఉంటే అంకెలు మీకు తిన్నగా కనిపించాలి. అక్షరాలు చెరిగిపోతే ఒక పెడల్ విప్పి, ఇరుసు కొన పైకి ఉండేలా పట్టుకోండి. మర గీతలు కుడివైపుకి ఎక్కుతుంటే అది కుడి పెడల్, ఎడమవైపుకి ఎక్కుతుంటే ఎడమ పెడల్. తెలిశాక మిషన్ ముందు గొట్టానికి రంగు టేపు ముక్క ఒకటి చుట్టేయండి. ఇంట్లో ఎవరు జరిపినా మళ్లీ సరిగ్గా పెడతారు.

ఇక బాగు చేయడం. మిషన్‌ని సరైన వైపు పెట్టండి. రెండు పెడళ్లూ పూర్తిగా విప్పండి. పానా పైకొసని కుర్చీ వైపు లాగితే వదులవుతుంది, మిషన్ ముందు వైపుకి తోస్తే బిగుస్తుంది. ఇది రెండు పెడళ్లకీ వర్తిస్తుంది, ఎదురు మర గురించి వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మరని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రంగా తోమి, ఒక చుక్క గ్రీజు రాయండి. తర్వాత పానా పక్కన పెట్టి వేళ్లతోనే ఎక్కించండి. నాలుగైదు చుట్లు వేళ్లతో సాఫీగా పోవాలి. రెండో చుట్టుకే పట్టేస్తే అడ్డంగా ఎక్కుతోందన్నమాట, విప్పి మళ్లీ మొదలుపెట్టండి. అక్కడ పానాతో బలవంతం చేస్తే మర పోయినట్టే. పూర్తిగా దిగాక పానాతో గట్టిగా బిగించి, పది నిమిషాలు తొక్కి, మళ్లీ ఒకసారి బిగించండి. ఈ రెండో బిగింపు ఎగ్గొట్టేవాళ్లే వారం తర్వాత మళ్లీ టక్ అంటోందంటారు.

కావాలని వెనక్కి తొక్కే అలవాటుంటే మానక్కర్లేదు. గట్టిగా బిగిసిన పెడల్ దానికే ఊడిపోదు. అయితే గ్రీజు బదులు మర మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, వారానికోసారి పానా పెట్టి చూసుకోండి. ఎర్రది వేయకండి, తర్వాత విప్పడం నరకం. ప్లంబర్ల తెల్ల టేపు చుడితే ఏమీ బిగుసుకోదు, మర మాత్రం వంకరగా ఎక్కుతుంది.

మర ఇప్పటికే అరిగిపోయి ఉంటే పెడల్ ఇరుసు మందం కొలవండి. 14 మిల్లీమీటర్లు దాటితే 9/16 అంగుళాల మర, 12.7 దగ్గర ఉంటే అర అంగుళం మర. రెండూ సైకిళ్లకి వాడేవే. క్రాంక్‌నీ పెడల్‌నీ సైకిల్ షాపుకి తీసుకెళ్తే కొత్త పెడల్ దొరకొచ్చు. రంధ్రం మర కొద్దిగా చెడితే ట్యాప్ (మర గీసే పనిముట్టు) వేసి సరిచేస్తారు. పూర్తిగా పోతే లేత్ షాపులో బుష్ (లోపల మర ఉన్న లోహపు తొడుగు) వేయించాలి. ఎడమ క్రాంక్ అయితే ఎదురు మర అని ముందే చెప్పండి. చెప్పకపోతే మామూలు మర కొట్టి ఇస్తారు. వెల్డింగ్‌తో అతికించడం మాత్రం వద్దు, ఆ వేడికి పెడల్ బేరింగూ ప్లాస్టిక్కూ రెండూ పోతాయి.

పెడల్‌ని నట్టుతో పట్టించే మోడళ్లలో ఈ మర గొడవ లేదు, నట్టు బిగిస్తే చాలు.

నాబ్ ఎంత తిప్పినా బిగువు రావడం లేదు

దాదాపు ఎప్పుడూ నూనె వల్లే. మధ్య ఇరుసు చుట్టూ ఒక పట్టీయో దిమ్మో ఉంటుంది. నాబ్ తిప్పితే అది ఇరుసుని నొక్కుతుంది, ఆ రాపిడే మీ వ్యాయామం. కీచుమంటోందని అక్కడ కొబ్బరి నూనె పోస్తే బ్రేకు కట్టకి నూనె రాసినట్టే. కవరు విప్పి, పట్టీనీ ఇరుసునీ సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో గుడ్డకి మరక అంటనంతవరకూ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కిరసనాయిలు వద్దు, అదీ జిడ్డే. పట్టీ లోపలిదాకా నూనె పీల్చుకుని ఉంటే శుభ్రం చేసినా రెండు రోజులకి మళ్లీ జారుతుంది, మార్చాల్సిందే.

నాబ్ అంతు లేకుండా తిరుగుతుంటే లోపలి నట్టు ప్లాస్టిక్ గూడులో గిరగిరా తిరుగుతోంది. నట్టుని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని, గూట్లో ఎపాక్సీ జిగురు పెట్టి ఒక రోజంతా వదిలేయండి.

కీచుమనే చోటు పెడల్ అయితే, పెడల్ ఇరుసు క్రాంక్‌ని కలిసే చోట కుట్టు మిషన్ నూనె ఒకే ఒక్క చుక్క. మిగిలింది తుడిచేయాలి.

మధ్య ఇరుసు కాలుతోంది

కాలుతుంది. రాపిడి అంతా అక్కడే కదా. పావుగంట తొక్కాక ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. వేడెక్కేకొద్దీ బిగువు మారినట్టు అనిపించడం కూడా మామూలే. కాలిన వాసన వస్తే మాత్రం నాబ్ మరీ బిగించారు, రెండు చుట్లు వదలండి. వాడటం అయ్యాక నాబ్ పూర్తిగా వదులు చేస్తే పట్టీ ఒకే చోట అణిగిపోకుండా ఉంటుంది.

మీటరు లెక్కపెట్టడం లేదు

కొత్త మిషన్ అయితే బ్యాటరీ దగ్గరి ప్లాస్టిక్ ముక్క లాగారో లేదో చూడండి. పాతదైతే బ్యాటరీ మార్చండి. గుండీ బ్యాటరీ అయితే పాతది పిల్లలకి అందకుండా పారేయండి, మింగితే ప్రాణాంతకం. అంకెలు కనిపిస్తూ లెక్క మాత్రం కదలకపోతే, క్రాంక్‌తో తిరిగే చిన్న అయస్కాంతం ఊడిపోయి ఉంటుంది, లేదా సెన్సర్ తీగ జారి ఉంటుంది. క్యాలరీల అంకెని నమ్మకండి. అది చుట్ల లెక్కనే ఏదో అంకెతో గుణించి చూపిస్తుంది, మీరు నాబ్ ఎంత బిగించారో దానికి తెలియదు.

మోకాలు నొప్పి, వేళ్లు తిమ్మిరి

మళ్లీ కుర్చీయే. పైన చెప్పిన మడమ పరీక్ష చేసి, నాబ్ బాగా వదులు చేసి, నిమిషానికి 50 నుంచి 60 చుట్లు వచ్చేలా తొక్కండి. బిగువు పెంచి నెమ్మదిగా తొక్కితే లాభం ఎక్కువని చాలామంది అనుకుంటారు, మోకాలి చిప్ప మీద భారం పడేది అలాగే. తిమ్మిరి వస్తే పాదం మీది పెడల్ పట్టీ బెజ్జం ఒకటి వదలండి. హవాయి చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు, చున్నీ క్రాంక్‌లో చుట్టుకోకుండా పైకి దోపుకోండి. మోకాలి మార్పిడి అయినవాళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత వంచాలో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. తొక్కుతుంటే ఛాతీలో పట్టేసినా, కళ్లు తిరిగినా అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అరుదుగా వచ్చేవి

ఇరుసు వంగితే రెండు పెడళ్లూ ఊగుతాయి, అది బాగు కాదు. గొట్టం వెల్డింగ్ దగ్గర పగులు కనిపిస్తే ఆ రోజు నుంచే తొక్కడం మానండి. అయస్కాంతం రకంలో బిగువు మారకపోతే నాబ్ కింది తీగ కొక్కెం జారి ఉంటుంది, కవరు తీసి తగిలిస్తే సరి. అందులో తొక్కుతుంటే ఉన్నట్టుండి కాలు గాల్లో తొక్కినట్టయితే బెల్టు సాగింది. కరెంటు రకం తనంతట తాను ఆగిపోతుంటే కాళ్ల బరువంతా దాని మీద వేస్తున్నారేమో చూసుకోండి. అది కాకపోతే సర్వీసు సెంటరుకే, ఇంట్లో విప్పకండి.