మస్కిటో విమానపు చెక్క పెంకు: హాట్‌ఫీల్డ్ పద్ధతిలో ఒక ముక్క చేసి చూడండి

లండన్‌కు ఉత్తరాన ఉన్న హాట్‌ఫీల్డ్‌ను విమానాల ఊరుగా మార్చింది డి హావిలాండ్ కంపెనీ. 1930లో అక్కడ పొలాలు కొని, 1934 నాటికి ఫ్యాక్టరీని తరలించింది. యుద్ధకాలంలో లోహానికి కరువు వచ్చింది. బల్లలు, బీరువాలు చేసే వడ్రంగులు మాత్రం దేశమంతటా ఉన్నారు. ఆ లెక్క మీదే రెండు ఇంజన్ల మస్కిటోను చెక్కతో చేశారు. మొదటిది దగ్గరలోని సాల్స్‌బరీ హాల్‌లో తయారై, 1940 నవంబరు 25న హాట్‌ఫీల్డ్ నుంచి ఎగిరింది. ఆ తర్వాత మొత్తం 7,781 తయారయ్యాయి.

దాని ఒంటి రహస్యం పెంకులో ఉంది. బయటా లోపలా పల్చటి బర్చ్ ప్లైవుడ్, మధ్యలో దూదిలా తేలికైన ఈక్వడార్ బాల్సా చెక్క. చాలా చోట్ల పెంకు మందం 14 మిల్లీమీటర్ల దరిదాపే. వంపు వచ్చినప్పుడు ఒక ప్లై పొర సాగుతుంది, రెండోది నొక్కుకుంటుంది. బాల్సా ఆ రెంటినీ ఎడంగా పట్టి ఉంచి మడతపడనివ్వదు. ఇది కాగితం మీద చదివితే సగమే అర్థమవుతుంది, చేసి చూస్తే పూర్తిగా అర్థమవుతుంది.

కావలసినవి: 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, అర మీటరు, 0.8 మి.మీ. బర్చ్ ప్లై ముక్కలు రెండు (300×250, 300×280), 5 మి.మీ. మందం, 10 మి.మీ. వెడల్పు, 300 పొడవున్న బాల్సా బద్దలు 24. అదే కొలతలో గట్టి చెక్క బద్దలు 2. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. పాత సైకిల్ ట్యూబు నుంచి 25 మి.మీ. వెడల్పున కోసిన పట్టీలు 7.

హాట్‌ఫీల్డ్‌లో అచ్చులు మహాగని చెక్కతోనో కాంక్రీటుతోనో చేసేవారు. ఇక్కడ పైపే అచ్చు. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టండి, లేకపోతే పెంకు పైపును వదలదు. చిన్న ప్లై ముక్కను, పైపొర నార పైపు పొడవునా ఉండేలా పరిచి వంచండి. నార అడ్డంగా తిరిగితే ప్లై వంగకుండా మొరాయిస్తుంది.

ఇప్పుడు బద్దలు. వంపు మీద పక్కపక్కనే పెడితే ప్రతి జతకూ పైన అర మిల్లీమీటరుకు మించి సందు తెరుచుకుంటుంది. అందుకని ప్రతి బద్ద రెండు అంచులనూ సుమారు మూడున్నర డిగ్రీలు వాలుగా సాండ్‌పేపరుతో రుద్దండి. విసుగు పుట్టే పనే, కానీ తప్పించుకోవద్దు. సందులో ముద్దగా నిండిన జిగురు పెళుసుబారి పగులుతుంది. రెండు చివరి బద్దలూ గట్టి చెక్కవే కావాలి. అసలు విమానంలోనూ అతుకు పడే అంచుల దగ్గర బాల్సా తీసేసి ప్లై పొరలే వేశారు.

జిగురు పొడిని తయారీదారు చెప్పిన పాళ్లలోనే కలపండి. ప్రతి ముఖానికీ పల్చగా, ఖాళీ లేకుండా పూయండి. మామూలు తెల్ల జిగురు వద్దు: బిగువు నిలిచి ఉంటే అది మెల్లగా జారుతుంది. చేతితొడుగులు వేసుకోండి, కిటికీలు తీయండి. పెద్ద ప్లైని పైన కప్పి, 40 మి.మీ.కొకటి చొప్పున ట్యూబు పట్టీలను పైపు చుట్టూ లాగి బిగించండి. ఒక రోజంతా కదపొద్దు. విప్పి అంచులు కోసి తూచండి: 170 గ్రాములకు అటూ ఇటూగా రావాలి. 200 దాటితే జిగురు ఎక్కువైనట్టు, లేదా బాల్సా బరువైన రకం.

చివర నుంచి 25 మి.మీ. పట్టీ కోసి, ప్లై కింద ఉలి దూర్చి పెకలించండి. అసలు పరీక్ష ఇదే. బాల్సా చీలి ప్లైకి అంటుకుని వస్తే అతుకు మంచిది. ప్లై శుభ్రంగా, మెరుస్తూ ఊడొస్తే పని చెడింది: పైన ప్లై కప్పేలోగా జిగురు ఆరిపోయింది, బిగింపు చాలలేదు, లేదా ప్లై ముఖాన్ని గరుకు చేసి దుమ్ము తుడవలేదు.

ఈ చిన్న తప్పు ఎంత పెద్దదో 1944 చివర్లో మన దేశంలోనే తేలింది. ఇక్కడి స్థావరాల మస్కిటోలు కొన్ని గాలిలోనే విరిగి కూలాయి. రెక్క పైపొర దూలం నుంచి లేచిపోతోందని తేలింది. మొదట్లో వాడిన కేసీన్ జిగురు పాల నుంచి తీసింది, తేమలో బూజుకు ఆహారం; అందుకే దాని స్థానంలో ఏరోలైట్ అనే కృత్రిమ జిగురు వచ్చింది. కంపెనీ బృందం నిందను వాతావరణం మీద వేసింది. తర్వాతి దర్యాప్తులో, మన వానలు చూడని విమానాల్లోనూ అవే లోపాలు దొరికాయి. హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ ఫ్యాక్టరీల్లో అతికింపే సరిగ్గా లేదని ఆ దర్యాప్తు తేల్చింది. మా మాట కూడా అదే: వానను తిట్టే ముందు అతుకును చూడాలి.

రెండో పెంకూ ఇలాగే చేస్తే జత కలపొచ్చు. అంచుల్లో ఒకవైపు V ఆకారపు గాడి, రెండోవైపు దానికి సరిపడే మొన చెక్కి అతికించి, పైన ప్లై పట్టీ వేయండి. మస్కిటోలో తీగలు, కంట్రోళ్లలో చాలావరకు రెండు సగాలూ విడిగా ఉన్నప్పుడే బిగించారు. మనుషులు ఇరుకులో దూరే పని తప్పి వేగం పెరిగింది.

చివరగా గుడ్డ. మస్కిటో ఒంటి మీద సాగదీసి అతికించిన సన్నని నూలుగుడ్డ పేరు మదాపొలమ్. ఆ పేరు నరసాపురం పక్కన గోదావరి ఒడ్డునున్న మాధవాయిపాలెం నుంచి వచ్చింది. అక్కడ ఈస్టిండియా కంపెనీకి బట్టల కొఠీ ఉండేది. సన్నని, సాదా నేత మల్లుగుడ్డ తీసుకోండి. నైట్రోసెల్యులోజ్ లాకరును సమానంగా థిన్నరు కలిపి ఒక పూత వేసి, తడిగా ఉండగానే గుడ్డ పరిచి, మధ్య నుంచి అంచులకు ముడత లేకుండా లాగండి. ఆరాక మరో రెండు పూతలు. ఫ్యాక్టరీలో ముందు ఎరుపు, ఆపైన వెండి రంగు డోపు (గుడ్డను బిగించే లాకరు పూత) వేసేవారు. మంట దగ్గర ఈ పని చేయొద్దు. ముసురు పట్టిన రోజున లాకరు తేమ పీల్చి తెల్లగా పొగబారుతుంది. ఎండ కాసే రోజు చూసుకుని మొదలుపెట్టండి.