క్లాసులో ఒకర్ని అందరూ ఏడిపిస్తా ఉంటే పక్కనున్నోళ్లు ఏం చేయాల

మన తిరుపతి, చిత్తూరు స్కూళ్లల్లో ఇది చూడనోళ్లు ఉండరు. నగరి పక్కనుంచి వచ్చిన పిల్లోడు తెలుగులో నాలుగు అరవం ముక్కలు కలిపితే చాలు, వెనక బెంచీలోంచి ‘ఏరా అరవోడా’ అంటారు, క్లాసంతా పగలబడి నవ్వుతాది. యానాది పిల్ల మధ్యాహ్నం ప్లేటు పట్టుకొని వచ్చి కూర్చుంటే పక్కనోళ్లు మెల్లగా జరుగుతారు. అనేవోళ్లు ఇద్దరో ముగ్గురో, చూసేవోళ్లు నలభై మంది. ఇది ఆ నలభై మందికే చెప్తా ఉండాను.

ముందు నవ్వడం ఆపు. ఏడిపించేవోడికి కావాల్సింది మీ అందరి నవ్వే, నలుగురు పుస్తకంలోకి తల దించుకుంటే వాడి ఊపు సగం దిగిపోతాది.

కొట్లాటకి మాత్రం పోవద్దు. సినిమా హీరో మాదిరి కాలర్ పట్టుకున్నావనుకో, గొడవ కాస్తా నీకూ వాడికీ అయిపోతాది, హెచ్చెమ్ రూములో మీరిద్దరూ నిలబడతారు, మాట పడ్డోడి సంగతి ఎవురూ అడగరు. ‘ఊరుకో అబ్బా, వాడెట్ల మాట్లాడితే నీకేంది’ అని మామూలు గొంతుతో అనేసి, ఆ పిల్లోడి వైపు తిరిగి ‘రారా, మ్యాథ్స్ నోట్సు చూపీ’ అని పిలుచుకొని పో.

అన్నం దగ్గరైతే మాటలు కూడా అక్కర్లా. నీ ప్లేటు తీసుకొని పోయి ఆ పిల్ల పక్కన ఖాళీలో కూర్చో, సాంబారులో ఉప్పు లేదనో, ఈరోజు చిక్కీ ఇస్తారా అనో అడుగు, తిను. మర్నాడు నీ ఫ్రెండుని కూడా తీసుకొని పో. ‘పాపం’ అని మాత్రం అనొద్దు, నాకైతే అది తిట్టుకన్నా ఘోరంగా వినపడతాది.

తర్వాత మాట పడ్డోళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ‘సార్‌కి చెప్దామా, నేనూ వస్తా’ అని అడుగు. వద్దంటే కొన్నాళ్లు ఆగు, కానీ కొడతా ఉన్నా, డబ్బులు లాక్కుంటా ఉన్నా, చచ్చిపోతా అని ఆ పిల్లోడు అన్నా, అడగడాలేం లేవు, వెంటనే పెద్దోళ్లకి చెప్పాల. ఏ రోజు, ఎవురు, ఏ మాట అన్నారో ఉన్నదున్నట్టు రాసి పెట్టుకో, లేకుంటే ‘ఊరకే ఆటకి అన్నార్లే’ అని కొట్టేస్తారు.

ఒక్కోసారి అనేది సారే అయి ఉంటాడు. అప్పుడు నువ్వు క్లాసులో ఎదురు తిరగాల్సిన పన్లేదు, ఇంట్లో చెప్పు. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. ఎస్సీ ఎస్టీ పిల్లల్ని ఎస్సీ ఎస్టీ కానోళ్లు నలుగురి ముందు కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఇంట్లో ‘మనకెందుకులే’ అంటారు, నాకు తెలుసు, అందుకే ఇద్దరు ముగ్గురు పిల్లల అమ్మానాన్నలు కలిసి హెచ్చెమ్ దగ్గరికి పోతే మంచిది, అక్కడ కాకుంటే ఎమ్ఈవో (మండల విద్యాధికారి), ఆపైన డీఈవో (జిల్లా విద్యాధికారి). ఎవురూ రాకపోతే 1098కి ఫోన్ చెయ్, అది పిల్లల కోసమే, ఫ్రీ, రాత్రి పగలు పని చేస్తాది. కులం విషయానికైతే 14566 కూడా ఉంది.

ఇంక వాట్సాప్ గ్రూపు. ఎవురి ఫోటోనో స్టిక్కర్ చేసి రంగు మీద జోకులేస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, పెద్దోళ్లకి చూపీ, అంతేగానీ ‘చూడండి ఎంత ఘోరమో’ అని ఇంకో గ్రూపులో పెట్టొద్దు, అట్ల పెడితే ఆ ఫోటో ఇంకో వంద మంది చూస్తారు.